పాటిమన్ను కింద వేంగి

ఏలూరుకు ఉత్తరంగా 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెదవేగి పేరెత్తితే చుట్టుపక్కల రైతులకు ముందు గుర్తొచ్చేది పామాయిల్. 1995లో ఆ పంటకు జాతీయ పరిశోధన కేంద్రం ఈ ఊళ్లోనే పెట్టారు. పదహారు వందల ఏళ్ల కిందట ఇదే వేంగి. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభ శాసనంలో వేంగి రాజు హస్తివర్మ పేరుంది. 7వ శతాబ్దంలో హ్యుయాన్‌త్సాంగ్ ఆంధ్రదేశపు రాజధానిగా చెప్పిన పట్టణం ఇదేనని పండితులు గుర్తించారు. శాలంకాయనులు ఏలిన ఈ ఊరు తరవాత తూర్పు చాళుక్యుల రాజధాని అయింది, చివరికి గోదావరికీ కృష్ణకూ నడుమనున్న నేలంతటికీ పేరై నిలిచింది. గద్దె రాజమహేంద్రవరానికి తరలిపోయాక కూడా దేశాన్ని వేంగి అనే పిలిచారు. ఇంత ఘనత ఉన్నా, మన చరిత్ర పుస్తకాల్లో వేంగి రాజుల వరసలు కనిపిస్తాయి గాని వేంగి ఊరు కనిపించదు. ఆ ఊరి చరిత్రను కాపాడినవాళ్లలో ఎక్కువమంది దొరికినదాన్ని బయటికి తీసుకెళ్లి కాపాడారు. మోసుకెళ్లడానికి వీల్లేని దిబ్బలు, చెరువులు, పొలాల పేర్లు ఎవరి లెక్కలోకీ రాలేదు. లోపమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

మొదట్లో పని ఇలా సాగలేదు. దక్షిణాదిలో స్థానిక చరిత్రలను పద్ధతిగా సేకరించిన తొలి తెలుగువాడు కావలి వెంకట బొర్రయ్య ఏలూరువాడే. సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ దగ్గర పనిచేస్తూ ఊరూరా తిరిగి శాసనాలకు నకళ్లు తీశాడు, కరణాల దగ్గరున్న పాత ఊరి లెక్కల పుస్తకాలు, దండకవిలెలు చదివించుకున్నాడు, పెద్దలు చెప్పింది రాయించుకున్నాడు. 1803లో, ముప్పయ్యేళ్లు నిండకముందే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. 1821లో మెకంజీ చనిపోయాక మిగిలిన పని తానే పూర్తి చేస్తానని లక్ష్మయ్య అడిగితే, కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో జేమ్స్ ప్రిన్సెప్ స్వదేశీయుడికి అంత సామర్థ్యం ఉండదని తోసిపుచ్చాడు. ఆ నిరాకరణతో ఒక మనిషికి జరిగిన అన్యాయం ఎంతో, ఒక పద్ధతికి జరిగిన నష్టం అంతకన్నా ఎక్కువ. అలా రాయించిన ఊరి చరిత్రల్లో, అంటే కైఫీయతుల్లో, ఊరి సరిహద్దులు, చెరువులు, గుళ్లు, ఊరు పాడైన కథ, మళ్లీ కట్టిన కథ అన్నీ ఒకేచోట ఉండేవి. ఆ తరవాత వచ్చిన పండితులకు రాజు పేరు, సంవత్సరం ఉన్న ఆధారమే ఆధారమైంది.

వాల్టర్ ఇలియట్, ఫ్లీట్ వంటి ఇంగ్లీషు పండితులు రాగిరేకు శాసనాల మీద చేసిన కృషి చిన్నదని ఎవరూ అనరు. 1922లో రాజమండ్రిలో పుట్టిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఆ పనిని తెలుగువాళ్ల చేతికి తెచ్చింది. శాలంకాయన రాజు రెండో నందివర్మ వేయించిన పెదవేగి రేకులను రాళ్లబండి సుబ్బారావు ఆ మండలి పత్రికలోనే ప్రకటించారు. ఆ రేకులను కాస్త దగ్గరగా చూడాలి. రాజు ఒక విష్ణ్వాలయానికి నాలుగు ఊళ్లలో భూమి ఇచ్చాడు. వాటిలో ఒకటి ముండూరు. మరో రెండింటి పేర్లు ‘చెరువ’తో ముగుస్తాయి. సంస్కృతంలో నడిచిన ఆ దానపత్రంలో మన చెరువు అలా తెలుగుగానే నిలిచిపోయింది. ముండూరు అన్న ఊరు ఇవాళా పెదవేగి మండలంలోనే ఉంది. పండితులు ఈ రేకుల మీద నందివర్మ ఎన్నోవాడు, తండ్రి ఎవరు అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఆ చెరువులు ఎక్కడుండేవి, వాటి కింద ఏ మాగాణి పారేది అన్న ప్రశ్నకు అందులో పదో వంతు చోటు కూడా దక్కలేదు. విష్ణుకుండినుల చిక్కుళ్ల శాసనం వెలువడిన లెందులూరు నేటి దెందులూరేనని గుర్తించడం కూడా ఊరి పేరు చెక్కుచెదరకుండా ఉండబట్టే సాధ్యమైంది.

ఇక దిబ్బల సంగతి. మన రైతులకు పాటిమన్ను విలువ తరతరాలుగా తెలుసు. పాత ఊరు కూలిన చోట బూడిద, పెంట, ఎముకలు, ఇటుకపొడి కలిసిన నల్లటి మట్టి అది. వేసవిలో బళ్ల మీద తోలి చేలో చల్లితే పైరు ఏపుగా వస్తుంది. చరిత్రకారుడికీ ఆ మట్టే కావాలి. ఏ పొరలో ఏ పెంకు ఉంది, దాని పక్కన ఏ పూస ఉంది అన్నదే అతనికి సాక్ష్యం. బండికెత్తిన మట్టిలో పెంకు ఉంటుంది గాని పొర ఉండదు. ఒకప్పుడు పారకు ఏళ్లు పట్టిన పని ఇప్పుడు పొక్లెయిన్‌కు ఒక పూట. ప్రభుత్వం చేతిలోనూ ఇదే జరిగింది. భట్టిప్రోలు బౌద్ధ స్తూపం రాళ్లను 19వ శతాబ్దంలో తూము కట్టడానికి వాడేశాక, 1892లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ వచ్చి మిగిలింది తవ్వితే ధాతుపేటికలు బయటపడ్డాయి. పెదవేగిలో 1980లలో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. దెందులూరు భీమలింగదిబ్బ, తాడేపల్లిగూడెం పక్కన ఆరుగొలను బౌద్ధ దిబ్బ రక్షిత స్థలాల జాబితాలో ఉన్నాయి. జాబితాకెక్కింది దిబ్బ మాత్రమే. నగరం దిబ్బ గట్టు దగ్గర ఆగిపోదు, పక్క చేలల్లోకీ పాకి ఉంటుంది.

రేకులు ఊళ్లోనే ఉండిపోతే కంచరి మూసలో కరిగిపోయేవి కదా అని అడగవచ్చు. నిజమే, మ్యూజియాలు లేకపోతే శాలంకాయనుల పేరే మనకు తెలిసేది కాదు. వస్తువును తరలించడాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఎక్కడ, ఎంత లోతున, దేని పక్కన దొరికిందో రాయకుండా తరలించడాన్ని తప్పుపడుతున్నాను. ఇంతకన్నా బరువైన అభ్యంతరం రైతుది. రక్షిత స్థలం చుట్టూ 100 మీటర్ల దాకా కట్టడాలు నిషేధం, ఆపై మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. పది రూపాయలకు మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. భూమి పోతుందేమోనన్న భయంతో, నాగలికి తగిలినదాన్ని మళ్లీ మట్టిలోనే కప్పేసే మనిషిని దొంగ అనలేం. అతని భయం తీరాలంటే, దొరికినది చెప్పినంత మాత్రాన చేను ఎవరూ తీసుకోరన్న హామీ ఊరి సచివాలయం స్థాయిలోనే రాతపూర్వకంగా ఉండాలి. జనం చెప్పే కథల్లో రాజులూ రాక్షసులూ కలిసిపోతారని, వాటిని నమ్మి చరిత్ర రాయలేమని మరికొందరు అంటారు. కథను నమ్మనక్కర్లేదు, కథ ఏ గట్టు గురించి చెబుతున్నారో ఆ గట్టును గుర్తు పెట్టుకుంటే చాలు. ముండూరు పేరును పదిహేను వందల ఏళ్లు మోసుకొచ్చింది జనం నాలుకే.

ఆ జ్ఞాపకం కాగితం మీద ఉన్నది కరణాల దగ్గర. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాయి. చేను పేరు, కాలువ పేరు, దిబ్బ పేరు కలిపి చెప్పగలిగినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు, వాళ్ల ఇళ్లలోని కట్టలు చెదల పాలయ్యాయి. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతో కమతాల హద్దులు కొలిచి కొత్త నంబర్లు ఇచ్చారు. బొర్రయ్య కాలంలో కలలో కూడా ఊహించలేని కొలత అది. ఆ పటంలో ఒక్క గడి చాలు, నంబరు పక్కన ఆ చేనును ఊళ్లో ఏమంటారో రాయడానికి. పెదవేగి, చినవేగి, వేగివాడ, ముండూరు, దెందులూరు అనే ఐదు ఊళ్లలో పొలం పనులు తగ్గిన ఒక్క వేసవి చాలు, డెబ్బై దాటిన పాలేర్లను, కౌలుదార్లను, నీరుకట్టువాళ్లను అడిగి ఆ గడి నింపడానికి. నందివర్మ రేకుల్లో మిగతా మూడు ఊళ్లు ఏ చేల పేర్లలో దాగి ఉన్నాయో తేలితే అక్కడే తేలాలి.