ఫోర్‌ట్వంటీ

నమ్మించి ముంచేవాణ్ని తెలుగువాళ్లు ‘ఫోర్‌ట్వంటీ’ అంటారు. హైదరాబాదు ఉర్దూలో అదే ‘చార్‌సౌబీస్’. ఈ తిట్టు పుట్టింది చట్టంలోంచి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 420వ సెక్షన్, మోసగించి ఎదుటివారి సొత్తు రాబట్టుకోవడాన్ని నేరంగా పేర్కొని, ఏడేళ్ల దాకా జైలుశిక్ష, జరిమానా పెట్టింది. మోసమంటే ఏమిటో వివరించింది మాత్రం 415వ సెక్షన్. వజ్రాలు కావని తెలిసీ వజ్రాలంటూ తాకట్టు పెట్టి అప్పు తీసుకోవడం, దొంగ నమూనా చూపి సరుకు అంటగట్టడం అందులో ఇచ్చిన ఉదాహరణలే. 1955లో వచ్చిన తన సినిమాకు రాజ్‌కపూర్ ‘శ్రీ 420’ అని పేరు పెట్టేనాటికే ఈ అంకె జనం నోట నానింది.

వాడుకలో మాట చట్టాన్ని దాటిపోయింది. బాకీ ఎగ్గొట్టినవాడూ ఫోర్‌ట్వంటీయే. చట్టం అలా ఒప్పుకోదు. మోసం చేయాలన్న ఉద్దేశం మొదటినుంచీ ఉందని రుజువు కావాలి. ఈ తేడా సామాన్యులకు తప్పక తెలియాలి.

2024 జులై 1న శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక ఈ నేరం దాని 318(4) సెక్షన్ కిందికి మారింది. జనం నోట మాత్రం పాత అంకే ఉంది.

మోసపోయినవాళ్లు పెట్టే క్రిమినల్ కేసు దోషిని శిక్షించడానికి. నాసిరకం వస్తువుకు డబ్బు వాపసు, పరిహారం కావాలంటే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. బిల్లు దాచుకోవాలి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.