గాలిమరలు మబ్బులను తరుముతాయా?

అనంతపురం: ఆషాఢం వచ్చిందంటే ఉమ్మడి అనంతపురం జిల్లా గుట్టలపై గాలిమరలు జోరందుకుంటాయి. సరిగ్గా అప్పుడే రైతులు వేరుశనగ విత్తేందుకు పదును కోసం ఆకాశం వంక చూస్తుంటారు. మబ్బు పడుతుంది, చినుకు రాల్చకుండానే సాగిపోతుంది. ‘ఆ ఫ్యాన్లే మబ్బులను తోసేస్తున్నాయి’ అన్న మాట, రామగిరి ప్రాంతంలో గాలిమరలు వెలసిన 1990వ దశకం తర్వాత పల్లెల్లో పుట్టి నేటికీ వినిపిస్తోంది. చూసినదాన్ని బట్టి పుట్టిన మాటే గనుక నవ్వి వదిలేయదగినది కాదు. అయితే అసలు కారణం వేరు.

నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం నుంచి తేమను మోసుకొస్తాయి. పశ్చిమ కనుమలను ఎక్కుతూ చల్లబడి అక్కడే కురిసేస్తాయి. కర్ణాటకలోని ఆగుంబెలో ఏటా 7,000 మి.మీ.కు పైగా వాన పడుతుంది. కనుమలు దిగి తూర్పునకు వచ్చేసరికి గాలి మిగులుతుంది, తేమ తగ్గుతుంది. అందుకే అనంతపురం సగటు వర్షపాతం 550 మి.మీ. దరిదాపుల్లోనే ఉంటోంది. గాలిమరలను తిప్పేదీ, జిల్లాను ఎండబెట్టేదీ ఆ గాలే. ఒక్క గాలిమర కూడా లేని 1876-78లో, ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో భాగంగా ఉన్నప్పుడే, ధాతు కరువు సీమను కబళించింది.

ఫ్యాను వేరు, గాలిమర వేరు

ఇంట్లో ఫ్యాను కరెంటు తీసుకుని గాలిని తోస్తుంది. గాలిమర చేసేది ఇందుకు విరుద్ధం. వీచే గాలి నుంచి శక్తిని తీసుకుని కరెంటు ఇస్తుంది. కాబట్టి రెక్కలను దాటిన గాలి వేగం తగ్గుతుందే గానీ పెరగదు. గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి ఏ గాలిమరా తీసుకోలేదని జర్మనీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 20వ శతాబ్దం తొలినాళ్లలోనే లెక్కగట్టారు. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. గుట్టలనే ఎంచుకోవడానికి కారణమిదే. సెకనుకు సుమారు మూడు మీటర్ల వేగంతో గాలి వీస్తే యంత్రం పని మొదలుపెడుతుంది. 25 మీటర్లకు చేరితే భద్రత కోసం ఆగిపోతుంది.

ఇక ఎత్తు సంగతి. నేటి భారీ యంత్రాల రెక్క కొస సైతం నేలకు కొన్ని వందల మీటర్ల ఎత్తులోనే తిరుగుతుంది. వాన కురిపించే మేఘాలు సాధారణంగా అంతకంటే చాలా ఎత్తున మొదలై కిలోమీటర్ల కొద్దీ పైకి లేస్తాయి.

మరి అనుమానం అంత బలంగా ఎందుకు నాటుకుంది? అనంతపురంలో ఎక్కువ వాన పడేది సెప్టెంబరులో. గాలుల జోరు తగ్గేదీ అప్పుడే. రెక్కలు నెమ్మదించాక వాన రావడం ఏటా కనిపిస్తుంటే, రెక్కలు తిరగడం వల్లే అంతవరకు వాన ఆగిందనిపించడం సహజం.

గాలిమరల ప్రభావం పరిసరాలపై అసలే ఉండదనడమూ సరికాదు. అమెరికాలోని టెక్సాస్‌లో గాలిమరలు దట్టంగా ఉన్నచోట రాత్రివేళ నేల ఉష్ణోగ్రత కొద్దిగా పెరుగుతున్నట్లు ఉపగ్రహ సమాచారం ఆధారంగా 2012లో వెలువడిన అధ్యయనం తేల్చింది. రెక్కలు పైగాలిని, కిందిగాలిని కలపడమే అందుకు కారణం. అది నేలకు దగ్గరి మార్పు మాత్రమే.

పల్లెలు నిలదీయాల్సినవి వేరే ఉన్నాయి. యంత్రాలకు, దారులకు ఎంత భూమి పోయింది, ఎంత ధర దక్కింది? ఉత్పత్తయిన కరెంటు నేరుగా గ్రిడ్‌కు చేరుతున్నప్పుడు గుట్ట కింది ఊరికి మిగిలేదేమిటి? తొలితరం చిన్న యంత్రాలకు కాలం తీరి, వాటి స్థానంలో పెద్దవి పెట్టేందుకు కేంద్రం 2016లోనే విధానం ప్రకటించింది. పెద్ద యంత్రాలకు కొత్త పునాదులు, వెడల్పాటి దారులు కావాలి. భూమి లెక్కలు మళ్లీ మొదటికొచ్చేది అక్కడే.