ఉక్కునగరంలో దినచర్య

వాగ్భటుడు అష్టాంగహృదయం సూత్రస్థానంలో రెండవ అధ్యాయాన్ని దినచర్యకే కేటాయించాడు. బ్రాహ్మీముహూర్తాన లేవడం, పలుదోము పుల్ల, కంటికి కాటుక, ఒంటికి నూనె, తగుమాత్రం వ్యాయామం, స్నానం – ఈ చిన్న చిన్న పనులన్నీ ఆయన దృష్టిలో వైద్యంలో భాగాలే. అయితే వీటిని పాటించేవాడికి తన ఉదయం తన చేతిలో ఉండాలి. రాత్రి పాళీ ముగించుకొని తెల్లవారాక కొలిమి విడిచి వచ్చే మనిషికి బ్రాహ్మీముహూర్తం ఎక్కడిది?

జంషెడ్‌పూర్ చరిత్రను ఈ ప్రశ్నతో చదవడం మేలు. 1907లో ఏర్పడిన టాటా ఇనుము ఉక్కు కంపెనీ సాక్చి వద్ద నెలకొల్పిన కర్మాగారంలో 1912లో తొలి ఉక్కు తయారైంది. ఎనిమిది గంటల పనిదినం కూడా అదే ఏడు మొదలైంది. వస్త్రమిల్లులలో వయోజన పురుషులచేత రోజుకు 12 గంటలు పనిచేయించుకోవడాన్ని 1911 నాటి ఫ్యాక్టరీల చట్టం అనుమతించిన రోజులవి. ఆ పరిమితి 1922లో 11కు, 1934లో 10కి తగ్గి, 1946లో గాని 9 గంటలకు, వారానికి 48 గంటలకు దిగిరాలేదు.

కంపెనీ 1915లో ఉచిత వైద్యం, 1920లో జీతంతో కూడిన సెలవు, భవిష్యనిధి, 1928లో ప్రసూతి సౌకర్యం కల్పించింది. వీటిని యాజమాన్యపు ఔదార్యంగా మాత్రమే వర్ణించడం పరిపాటి. కాని కార్మికసంఘం పుట్టినదీ, సమ్మెపై కాల్పులు జరిగినదీ 1920లోనే. నెలల తరబడి సాగి సుభాస్ చంద్రబోసును రప్పించిన సమ్మె 1928 నాటిది. ఈ తేదీల కలయిక కేవలం కాకతాళీయమనడానికి ఈ వ్యాసకర్తకు మనసొప్పదు.

బెంగాల్ నాగపూర్ రైలుమార్గం ఉత్తరాంధ్ర జనాన్ని ఈ ప్రాంతానికి చేరువ చేసింది. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం ఆ రాకకు గుర్తు. చోడి అంబలి, ఒంటికి నువ్వులనూనె, వారానికొక తలంటు – పల్లెలో సూర్యుణ్ణి బట్టి నడిచిన ఈ అలవాట్లు ఇక్కడ కర్మాగారపు కూతను బట్టి నడవవలసివచ్చింది. పాళీ మారినప్పుడల్లా నిద్రవేళ మారుతుంది, ఆకలివేళా మారుతుంది. అటువంటి జీవితంలో కాళ్లు కడుక్కొని కాసేపు అరుగుమీద కూర్చోవడం సైతం సంపాదించుకున్న హక్కే.

1948 నాటి చట్టం ఈ సంగతిని గుర్తించింది. కడుక్కోవడానికి చోటు, తడిబట్టలు ఆరవేసుకునే వసతి, నిలబడి పనిచేసేవారికి వీలైనప్పుడు కూర్చునే అవకాశం, ఐదు గంటల పనికి మించకుండా అరగంట విరామం, 250 మందికి పైబడిన చోట క్యాంటీను – ఇవి అందులోని నిబంధనలు. గుమాస్తా భాషలో రాసిన వాగ్భటమని దీన్ని సరదాగా అనుకోవచ్చు.

చట్టం తలుపు మాత్రం కర్మాగారపు గేటు వద్దనే ఆగింది. మూడు పాళీలకూ పొయ్యి వెలిగించి, పగలు నిద్రించే భర్తకోసం పిల్లల అల్లరి ఆపుతూ, అందరి భోజనం అయ్యాక తాను తిన్న ఇల్లాలికి కూత లేదు, విరామమూ లేదు. 1928 నాటి ప్రసూతి సౌకర్యం హాజరుపట్టీలో పేరున్న స్త్రీలకోసం ఏర్పడింది. ఈమె పేరు ఆ పట్టీలో లేదు.