భారతదేశంలో పురావస్తు నమోదు

పురాతన స్థలాన్ని, కట్టడాన్ని లేదా వస్తువును ప్రభుత్వ రికార్డులోకి ఎక్కించి, అది ఎక్కడ దొరికింది, ఏ స్థితిలో ఉంది, ఎవరి స్వాధీనంలో ఉంది అన్న వివరాలను భద్రపరచడమే పురావస్తు నమోదు. ఈ వివరాల్లో దొరికిన చోటుదే పెద్ద విలువ. ఏ పొరలో, దేని పక్కన ఉండేదో తెలియని శిల్పం ఎంత అందమైనదైనా చరిత్రకారుడికి చెప్పగలిగేది తక్కువ.

అమరావతి స్తూపం ఇందుకు బాధాకరమైన ఉదాహరణ. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టిస్తున్న రోజుల్లో ఆ స్తూపపు దిబ్బనుంచి రాళ్లు తరలిపోయాయి. 1797లో దాన్ని చూసిన బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చి చిత్రాలు గీయించేనాటికే చాలా భాగం చెదిరిపోయింది. 1845లో మరో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. వాటిలో చాలావాటికి స్తూపంలో ఉన్న అసలు స్థానం ఏదో పండితులు నేటికీ ఊహించుకోవలసి వస్తోంది.

దొరికిన వస్తువుల గురించి స్పష్టమైన నియమం 1878 నిక్షేపాల చట్టంతో వచ్చింది. భూమిలో దాగి, పది రూపాయలకు మించిన విలువగల నిధి ఏది బయటపడినా, దాని స్వరూపం, విలువ, దొరికిన చోటు, తేదీ రాసి కలెక్టరుకు తెలపాలి. దాచిపెడితే జైలుశిక్ష పడవచ్చు. పొలం దున్నుతుండగా లంకెబిందె తగిలిన రైతుకు ఇప్పటికీ వర్తించేది ఈ చట్టమే.

స్థలాల జాబితాకు మద్రాసు ప్రెసిడెన్సీలో పునాది వేసినవాడు బ్రిటిష్ అధికారి రాబర్ట్ సీవెల్. 1882, 1884ల్లో వెలువడిన రెండు సంపుటాల్లో ఆయన జిల్లాలు, తాలూకాల వారీగా గుళ్లు, శాసనాలు, దిబ్బలు పేర్కొన్నాడు. పొరపాట్లున్నా, తెలుగు జిల్లాల ప్రాచీన స్థలాలను వెతికేవారికి అది చాలాకాలం దారిచూపింది. వైస్రాయి కర్జన్ హయాంలో వచ్చిన 1904 చట్టంతో కట్టడాలను రక్షితమైనవిగా ప్రకటించే అధికారం ప్రభుత్వానికి దక్కింది. నిజాం రాజ్యంలో 1914లో గులాం యజ్దానీ సారథ్యంలో ప్రత్యేక పురావస్తు శాఖ ఏర్పడింది.

స్వాతంత్ర్యం తర్వాత 1958 కేంద్ర చట్టం ప్రకారం, కట్టడాన్ని రక్షితంగా ప్రకటించే ముందు అభ్యంతరాలకు రెండు నెలల గడువిస్తారు. ఆంధ్రప్రదేశ్ 1960లో సొంత చట్టం చేసుకుంది. వ్యక్తుల దగ్గరున్న వస్తువులను నమోదు చేయించే బాధ్యతను 1972 చట్టం తెచ్చింది. అది 1976 ఏప్రిల్ 5న అమల్లోకి వచ్చింది. నూరేళ్లు దాటిన వస్తువు, విలువైనదైతే 75 ఏళ్లు దాటిన రాతప్రతి పురావస్తువు కిందికి వస్తాయి. ప్రకటిత వర్గాలకు చెందిన శిల్పాలు, చిత్రాలు వంటివాటిని యజమాని ఫోటోలతో సహా నమోదు అధికారికి చూపి ధ్రువపత్రం పొందాలి. చేతులు మారితే తెలపాలి.

ఫోటో ఎంత అవసరమో చందవరం బౌద్ధ శిల్పం చాటింది. ప్రకాశం జిల్లాలోని ఆ స్థలంనుంచి దొంగిలించబడి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరిన ఫలకం 2016లో భారత్‌కు తిరిగివచ్చింది. దాని పాత ఛాయాచిత్రం అందులో కీలక సాక్ష్యమైంది.

దేశమంతటి వివరాలను ఒకచోట చేర్చేందుకు 2007లో జాతీయ కట్టడాలు, పురావస్తువుల మిషన్ మొదలైంది. అయితే జాబితాలో పేరుండడమే రక్షణ కాదని 2013లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) నివేదిక తేల్చింది. తనిఖీ చేసిన 1,655 కేంద్ర రక్షిత కట్టడాల్లో 92 కనిపించలేదు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ఆ తర్వాత వాటిలో 42 కట్టడాల జాడ పట్టుకుంది. మిగిలినవాటిలో 14 పట్టణాల విస్తరణలో కలిసిపోగా, 12 జలాశయాల్లో మునిగాయి. 24 ఎక్కడున్నాయో తేలలేదు.