యంత్రములయందు పాత ఆపరేటింగ్ సిస్టములు

యంత్రము ఆయువు, దానిని నడుపు ఆపరేటింగ్ సిస్టము ఆయువు ఒక్కటి కావు. కర్మాగారమునందలి కోతయంత్రమైనను, రైలు సంకేత వ్యవస్థయైనను ఇరువది ముప్పది సంవత్సరములు పనిచేయును. అందలి సాఫ్టువేరును సమకూర్చిన సంస్థయో, అంతకు చాల ముందే తన పోషణబాధ్యతను ముగించుకొనును. ఈ వ్యత్యాసమునుండి పుట్టిన చరిత్ర తెలిసికొనదగినది.

1981లో ఐ.బి.ఎం. పి.సి.తోపాటు డాస్ వెలువడినది. కార్యాలయములకును గృహములకును ఉద్దేశింపబడిన ఆ కంప్యూటరు చౌక యగుటచేతను, విడిభాగములు ఎల్లెడల దొరకుటచేతను, యంత్రనిర్మాతలు దానినే తమ యంత్రములలో అమర్చిరి. డాస్ ఒక సమయమున ఒకే ప్రోగ్రామును నడుపును. ఆ ప్రోగ్రాము పరికరములను అడ్డులేక నేరుగా శాసింపగలదు. క్షణము తప్పక పనిచేయవలసిన యంత్రమునకు ఈ నిరాడంబరతయే గుణమైనది. పిదప బ్యాంకుల ఏ.టి.ఎం.లలో ఓ.ఎస్.-2, తరువాత విండోస్ ఎక్స్.పి. స్థానము పొందినవి.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున మార్కెట్ వీధి సొరంగములో 1998లో నెలకొల్పిన రైలు నియంత్రణ వ్యవస్థ ఇందులకు ప్రసిద్ధోదాహరణము. 20, 25 ఏండ్లకై నిర్మింపబడిన ఆ వ్యవస్థను ప్రతిదినము ఉదయమున ఐదుంబావు అంగుళముల ఫ్లాపీ డిస్కులనుండి మేలుకొలుపవలసి యుండెను. దానిని మార్చుటకై 2024 అక్టోబరులో హిటాచీ రైల్ సంస్థతో 21 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందమునకు ఆమోదము లభించినది.

ఒంటరిగానున్న పాతయంత్రమునకు ముప్పు స్వల్పము. నెట్‌వర్కుతో కలిపినప్పుడే అది పెరుగును. హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతియైన రెండు నెలలకు, 2014 ఏప్రిల్ 8న, ఎక్స్.పి.కి ఆ సంస్థ సాధారణ పోషణ ముగిసినది. 2017 మే నెలలో వానాక్రై అను దుష్టప్రోగ్రాము, సవరణలు పొందని విండోస్ కంప్యూటర్లను లోకమంతట పట్టి పీడించినది. బ్రిటన్ ప్రభుత్వ వైద్యశాలలలో 1,220 రోగనిర్ధారణ పరికరములకు దాని దెబ్బ తగిలినది. 2018 జూన్‌లో భారతీయ రిజర్వు బ్యాంకు, మరుసటి జూన్ నాటికి ఏ.టి.ఎం.లన్నిటిని పోషణగల ఆపరేటింగ్ సిస్టములకు మార్చవలెనని బ్యాంకులను ఆదేశించినది.

మార్పు సులభసాధ్యము కాదు. క్రొత్త సిస్టము పాత పరికరములను గుర్తింపకపోవచ్చును; వైద్యయంత్రములకును రైళ్లకును భద్రతాపరీక్షలు మరల జరుపవలెను; తొలి ప్రోగ్రాము వ్రాసినవారు అప్పటికే విరమించియుందురు. కావున యంత్రమును కొనునాడే, దాని ఇనుము ఎన్నాళ్లు నిలుచునని అడిగినట్లే, దాని సాఫ్టువేరును ఎన్నాళ్లు ఎవరు పోషింతురని అడిగి, ఆ మాటను ఒప్పందములో వ్రాయించుకొనుట వివేకము.