గుట్ట లేని నేల మీద యక్షపర్వతం

బూట్లలో ఇంకా సూర్యలంక ఇసుక గరగరలాడుతోంది. చీకటితో బాపట్లలో ఎక్కిన పాసింజరు మిమ్మల్ని తెనాలిలో దించి, విజయవాడ వైపు వెళ్ళిపోయింది. రేపల్లె బండి పక్కన నిలబడి ఉంది. పరుగెత్తక్కర్లేదు. టీ తాగి ఎక్కండి.

కిటికీ పక్కన సీటు. ఎదురుగా కాలేజీ అమ్మాయి. ఒళ్ళో రికార్డు పుస్తకం, దాని మీద ఫోను. మీ చేతిలో నిన్న బాపట్లలో చుట్టాల ఇంటి అటక మీంచి దింపించిన చందమామ బైండు. అట్ట ఊడింది. తెరిస్తే కలరా ఉండల వాసన.

బండి కదిలింది. చినరావూరు దాటేదాకా ఇళ్ళు, ఆ తర్వాత చేలు. కార్తీకం కదా, వరి వెన్నులు బరువుకి తలలు వాల్చాయి. కాలవగట్టు, తాటిచెట్టు, కొంగ. మళ్ళీ కాలవగట్టు. చూపు ఆనే చోటు ఒక్కటీ లేదు, నేలంతా అలికినట్టు చదును.

"అవేం బొమ్మలు బాబాయ్ గారూ?"

అమ్మాయి మెడ సాచి చూస్తోంది. మీరు బైండు ఆమె వైపు తిప్పారు. ఆమె ఫోను మీ వైపు తిప్పింది. జపాను బొమ్మల కథ, మాంగా. గళ్ళు కుడి నుంచి ఎడమకి చదవాలట. మీ వేలు రెండుసార్లు తప్పు గడి మీద పడింది, ఆమె నవ్వు ఆపుకుంది. ఇద్దరమ్మాయిలు లైబ్రరీలో ఓ పాత పుస్తకం తెరుస్తారు. తెరవగానే ఆ పుస్తకం లోపలి దేశంలో పడతారు. యూ వతాసే గీసిన 'ఫుషిగి యూగి' అది. 1992లో మొదలైంది, అంటే ఈ అమ్మాయి పుట్టకముందే. ఇలా వేరే లోకంలో తేలే కథలకి ఇసెకాయ్ అని ఓ పేరే పెట్టుకున్నారు వాళ్ళు. ఈమధ్య వాటిలో పుస్తకం కూడా అక్కర్లేదట, లారీ గుద్దితే చాలు. కళ్ళు తెరిచేసరికి అవతలి లోకం.

"మరి మీ దాంట్లో ఎలా వెళ్తారు?"

నడిచి వెళ్తారు. మీరు 'మాయాసరోవరం' పేజీలు తిప్పి చూపిస్తారు. జయశీలుడు, సిద్ధసాధకుడు. పేజీకో బొమ్మ, చందమామ చిత్రకారుడు చిత్రా గీసింది. కొండ, కొండ వెనక అడవి, అడవి వెనక మరో కొండ. వీళ్ళు ఎక్కడా పడిపోరు; ముళ్ళు గుచ్చుకుంటూ, ఆకలేస్తూ, దారి అడుగుతూ పోతారు. మన కాశీమజిలీ కథల్లోనూ అంతే. కాశీకి పోయే మణిసిద్ధుడి వెంట బయల్దేరిన గోపకుర్రాడికి మజిలీకో కథ చెప్పాలి, లేకపోతే కదలడు. ఆ కథల్లోంచే 1951లో 'పాతాళభైరవి' వచ్చింది. తోటమాలి కొడుకు మాంత్రికుడి వెంట నడిచాడు. మన బండీ ఇప్పుడు జంపనిలో ఆగింది. వేమూరులో మళ్ళీ ఆగుతుంది.

"ఎవరు రాశారు?"

వెతకండి, దొరకదు. సీరియల్ కింద పేరు వేసేవాళ్ళు కాదు. దాసరి సుబ్రహ్మణ్యం. తెనాలి ప్రాంతం నుంచే మద్రాసు వెళ్ళి 1952లో చందమామలో చేరారు. 1954లో 'తోకచుక్క', అక్కణ్ణించి వరస: మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం. ఆ ఆఫీసులో ఎడిటింగు చూసిన కొడవటిగంటి కుటుంబరావుది తెనాలే. 1947 జూలైలో నాగిరెడ్డితో కలిసి పత్రిక పెట్టిన చక్రపాణిదీ తెనాలే. పిల్లలు ఆ సీరియళ్ళ కోసం నెలంతా కాచుకున్నారు. రాసిందెవరో మాత్రం చాలామందికి పెద్దయ్యాక గానీ తెలియలేదు.

ఇప్పుడా పేర్లు ఇంకోసారి చదివి, కిటికీలోంచి చూడండి. లోయ, పర్వతం, దుర్గం. బయట? పెనుమర్రు చేలు. కొండ చూడాలంటే మంగళగిరి దాకా పోవాలి. కొండ కింద పుట్టినవాడికి దాని మీద మేకలు మేస్తాయని, పైన సగం కూలిన గుడి ఉందని తెలిసిపోతుంది. ఇంక యక్షుడికి చోటెక్కడ? డెల్టా పిల్లాడికి ఆ బాధ లేదు. కొండని మొదటి రాయి నుంచీ వాడే పేర్చుకోవాలి. ఎంత ఎత్తు కావాలంటే అంత. ఆ కొండలు అంత బాగా కుదరడానికి కారణం ఈ చదునేనని నాకు గట్టి నమ్మకం.

భట్టిప్రోలు. ఇక్కడ మాత్రం నేల కాస్త ఉబ్బుతుంది. స్టేషన్ నుంచి కనిపించదు గానీ, ఊళ్ళో ఓ దిబ్బ ఉంది, విక్రమార్క కోట దిబ్బ అంటారు. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించాడు. లోపల బౌద్ధ స్తూపం, రాతి పెట్టెలు, వాటిలో స్ఫటికపు భరిణె, పెట్టెల మీద బ్రాహ్మీ అక్షరాలు. సీరియల్లో ఎవరైనా ఇలా రాస్తే మరీ అతికినట్టుంది అనేవాళ్ళం. ఉన్న ఒక్క ఎత్తుకీ ఊరు పెట్టుకున్న పేరు చూశారా, భేతాళుణ్ణి భుజాన మోసినవాడిది!

"నిజంగానా?" అని అమ్మాయి కిటికీ ఊచల్లోంచి తొంగిచూసింది. వేపచెట్టు, సైకిలు, బస్తాలు.

పల్లికోన దాటాక బండి వేగం తగ్గింది. తెనాలి నుంచి సుమారు 34 కిలోమీటర్లు వచ్చి, 1916 నాటి ఈ లైను రేపల్లెలో ఆగిపోతుంది. పట్టాలు అక్కడితో సరి. అవతల పెనుమూడి, కృష్ణ, వారధి, ఆపైన దివిసీమ.

అమ్మాయి దిగే తొందరలో లేదు. బైండు ఆఖరి పేజీ మీద వంగి ఉంది. జయశీలుడు అంచు మీద నిలబడ్డాడు, కింద నీళ్ళు. దాని కింద చిన్న అక్షరాల్లో 'ఇంకా ఉంది'.

"తర్వాతది?"

"మా చుట్టాల అటక మీద ఇదొక్కటే దొరికిందమ్మా."

ఆమె ఫోను తీసి ఆ పేజీకి ఫొటో తీసుకుంది. బయట ఆటోవాడు పెనుమూడి, పెనుమూడి అని అరుస్తున్నాడు.