దాన రక్త భద్రత: పరిశోధనల చరిత్ర

దాత ఇచ్చిన రక్తంతోపాటు అతని ఒంట్లోని వ్యాధి రోగికి చేరకుండా చూసే కృషిని దాన రక్త భద్రత అంటారు. ఇది మూడు దశల్లో ఎదిగింది. మొదటిది దాతను ఎంపిక చేసుకోవడం, రెండోది రక్తాన్ని పరీక్షించడం, మూడోది పరీక్షకు చిక్కని సూక్ష్మజీవిని రక్తపు సంచిలోనే చంపడం. మూడో దశ ఇంకా నడుస్తోంది. అందులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు చెందిన రక్త పరిశోధన విభాగం శాస్త్రవేత్త చింతామణి ఆత్రేయ, ఆయన సహచరుల పరిశోధనలు ముఖ్యమైనవి.

తెలంగాణలోని ములుగు జిల్లా లాంటి ఏజెన్సీ ప్రాంతానికి ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉంది. ఇక్కడి అడవి పల్లెలకు మలేరియా కొత్త కాదు. జ్వరం తగ్గాక కూడా మలేరియా పరాన్నజీవి కొందరి రక్తంలో మిగిలిపోతుంది. ఆ మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు, రక్తం ఇవ్వడానికీ సిద్ధపడతాడు. మరోవైపు రక్తం కావలసినవారూ ఇక్కడ ఎక్కువే. కోయ గూడేల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధి, గర్భిణుల్లో రక్తహీనత, కాన్పు సమయంలో రక్తస్రావం ఇందుకు కారణాలు. పరిస్థితి విషమిస్తే ఏటూరునాగారం, ములుగు మీదుగా జాతీయ రహదారి పట్టుకుని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లాల్సి రావచ్చు.

తొలి హెచ్చరికలు

కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో రక్త వర్గాలను కనుగొన్నాక రక్తం ఎక్కించడం నమ్మదగిన వైద్యమైంది. 1914-15లో సోడియం సిట్రేట్ కలిపి రక్తం గడ్డకట్టకుండా ఆపగలిగారు. దాంతో దాతను రోగి పక్కనే పడుకోబెట్టాల్సిన అవసరం తీరింది, రక్తాన్ని నిల్వ చేసే దారి తెరుచుకుంది. అయితే రక్తం ద్వారా మలేరియా సోకిన సంగతి 1911లోనే వైద్య పత్రికలకెక్కింది. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. దోమ కాటు లేకుండా, ఎక్కించిన రక్తం ద్వారా కూడా అదే జీవి ఒకరి నుంచి మరొకరికి చేరిన సంగతి ఆ తర్వాత పద్నాలుగేళ్లకు పత్రికలకెక్కింది. కొద్ది కాలానికే సిఫిలిస్ కూడా ఆ జాబితాలో చేరింది.

రక్తం ఎక్కించుకున్న కొన్ని వారాలకు, నెలలకు కొందరికి కామెర్లు రావడాన్ని 1943లో పాల్ బీసన్ నమోదు చేశారు. కారణం మాత్రం రెండు దశాబ్దాల దాకా దొరకలేదు. 1960లలో బరూచ్ బ్లుంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్త నమూనాలో కొత్త ప్రొటీన్‌ను గుర్తించారు. అది హెపటైటిస్ బి వైరస్ పైపొర అని తర్వాత తెలిసింది. దాని ఆధారంగా వచ్చిన పరీక్షతోనూ కామెర్లు పూర్తిగా ఆగలేదు. ఇంకో వైరస్ ఉందని హార్వీ ఆల్టర్ 1970లలోనే తేల్చారు. 1989లో మైఖేల్ హౌటన్ బృందం దాన్ని పట్టుకుని హెపటైటిస్ సి అని పేరు పెట్టింది. ఈ కృషికి ఆల్టర్, హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమతి లభించింది. వైరస్ ఉందని తెలియడానికీ పరీక్ష రావడానికీ మధ్య గడిచిన ఆ సంవత్సరాల్లో దాని బారిన పడినవారు ప్రపంచమంతటా ఉన్నారు. పరీక్షల మీదే ఆధారపడే భద్రతకున్న లోటు ఇదే. పేరు తెలిసిన శత్రువునే పరీక్ష పట్టుకోగలదు.

మన దేశంలో

కలకత్తాలోని అఖిల భారత పారిశుద్ధ్య, ప్రజారోగ్య సంస్థలో 1939లో దేశంలో తొలి రక్తనిధి మొదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్లు రక్తం అమ్ముకుని బతికేవారే చాలా ఆసుపత్రులకు దిక్కయ్యారు. పేదరికం కొద్దీ తరచూ రక్తం ఇచ్చే మనిషి తన జబ్బు సంగతి బయటపెట్టడు. ఆ తప్పు అతనిది కాదు, అతని అవసరాన్ని వాడుకున్న ఏర్పాటుది.

1986లో చెన్నైలో సునీతి సోలొమన్, సెల్లప్పన్ నిర్మల దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులను బయటపెట్టారు. 1989లో రక్తనిధుల్లో హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి అయింది. వైరస్ ఎక్కువగా వ్యాపించిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. రక్తనిధుల తీరుపై 'కామన్ కాజ్' సంస్థ వేసిన వ్యాజ్యంలో 1996 జనవరి 4న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దాని ఫలితంగా 1998 జనవరి 1 నుంచి రక్తం కొనుగోలు, అమ్మకాలు నిషిద్ధమయ్యాయి. అదే ఏడాది హైదరాబాద్‌లో చిరంజీవి రక్తనిధి, 'తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ' ప్రారంభమయ్యాయి. దేశంలో రక్త భద్రతకు జరిగిన మేళ్లలో సుప్రీంకోర్టు తీర్పుకే మొదటి స్థానం ఇవ్వాలి. 2001లో హెపటైటిస్ సి పరీక్ష కూడా తప్పనిసరి కావడంతో పరీక్షలు ఐదయ్యాయి. అవి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా.

వైరస్ ఒంట్లోకి చేరిన తొలి రోజుల్లో అది ఏ పరీక్షకూ చిక్కదు. ఎలీసా అనే పరీక్ష పద్ధతిలో హెచ్‌ఐవీకి సుమారు మూడు వారాలున్న ఈ విండో పీరియడ్‌ను వైరస్ జన్యు పదార్థాన్నే వెతికే న్యాట్ పరీక్ష సగానికి పైగా తగ్గించింది. సున్నాకు మాత్రం తేలేకపోయింది. జీవితంలో ఒకటి రెండుసార్లు రక్తం ఎక్కించుకునేవారికి మిగిలిన ముప్పు చాలా చిన్నది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం కావలసిన తలసేమియా అనే రక్తవ్యాధి ఉన్న బిడ్డకు అదే ముప్పు ఏళ్ల తరబడి పేరుకుంటూ పోతుంది.

ప్లేట్‌లెట్ల సంచిలో

ఎర్ర రక్తకణాలను ఫ్రిజ్‌లో, ప్లాస్మాను ఘనీభవింపజేసి దాస్తారు. ప్లేట్‌లెట్లు మాత్రం చలికి చెడిపోతాయి. అందుకే వాటిని 20 నుంచి 24 డిగ్రీల మధ్య, అటూ ఇటూ ఊగే యంత్రం మీద ఐదు రోజుల దాకా ఉంచుతారు. రక్తనిధిలో టెక్నీషియన్ ఆ పసుపుపచ్చని సంచిని వెలుతురుకు ఎత్తి నెమ్మదిగా తిప్పితే లోపల పొగ సుడి తిరిగినట్టు మెరుపు కదులుతుంది. కణాలు బతికి ఉన్నాయనడానికి అదే గుర్తు. కణాలకు హాయైన ఆ వేడే బ్యాక్టీరియాకూ హాయి. సూది గుచ్చినప్పుడు చర్మం మీది నుంచి నాలుగైదు సూక్ష్మజీవులు వచ్చినా ఐదు రోజుల్లో అవి ప్రాణాంతకంగా పెరగగలవు. దాత నుంచి వచ్చే తొలి కొద్ది మిల్లీలీటర్ల రక్తాన్ని పక్క సంచిలోకి మళ్లించడం ఇందుకే. డెంగీ కాలంలో ప్లేట్‌లెట్ల కోసం పరుగులు పెట్టిన కుటుంబాలు మన దగ్గర తక్కువేమీ కాదు.

సూక్ష్మజీవుల జన్యు పదార్థాన్ని దెబ్బతీసే పద్ధతులు ముందే ఉన్నాయి. అమోటోసాలెన్ అనే రసాయనం కలిపి అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసే విధానానికి ఎఫ్‌డీఏ 2014 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. రైబోఫ్లేవిన్‌తో మరో విధానం ఉంది. రెండింటిలోనూ బయటి నుంచి ఒక రసాయనం కలపాలి.

అంతకుముందు రుబెల్లా వైరస్ మీద పనిచేసిన ఆత్రేయ వేరే దారులు వెతికారు. ప్లేట్‌లెట్లలో సహజంగానే సూక్ష్మజీవులను చంపే చిన్న ప్రొటీన్లు ఉంటాయి. వాటి నమూనాలో కృత్రిమంగా తయారుచేసిన పెప్టైడ్‌లను ఆయన బృందం ప్లేట్‌లెట్ల సంచుల్లో పరీక్షించింది. కొన్ని బ్యాక్టీరియాను చంపగలిగాయని 2010లో ప్రచురించింది. నిల్వలో కణాలు ముసలివయ్యే కొద్దీ వాటిలోని సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలు ఎలా మారతాయో కూడా ఈ బృందం పరిశీలించింది.

రెండో దారి కాంతి. గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయంతో కలిసి 405 నానోమీటర్ల ఊదా-నీలి కాంతిని ప్లాస్మా మీద ప్రయోగించారు. ఫలితాలు 2016లో వెలువడ్డాయి. బ్యాక్టీరియా లోపల పోర్ఫిరిన్‌లనే పదార్థాలు ఉంటాయి. అవి ఈ కాంతిని పీల్చుకుని చురుకైన ఆక్సిజన్ అణువులను పుట్టిస్తాయి. ఆ అణువుల దెబ్బకు బ్యాక్టీరియా చస్తుంది. ఇది కంటికి కనిపించే కాంతి, ప్లాస్టిక్ సంచిలోంచి లోపలికి వెళ్లగలదు, రసాయనమేదీ కలపనక్కర లేదు. వైరస్‌లలో పోర్ఫిరిన్‌లు ఉండవు కనుక వాటి మీద ఈ కాంతి ప్రభావం చుట్టూ ఉన్న ద్రవాన్ని బట్టి మారుతుంది. ప్లాస్మాలో ఆ ప్రభావం ఎక్కువని తర్వాతి ప్రయోగాల్లో కనిపించింది. చాగస్ వ్యాధి, కాలా అజార్ పరాన్నజీవుల మీదా ఈ కాంతి పనిచేసింది.

పెద్ద యంత్రాంగం లేని చిన్న రక్తనిధులకు ఈ పద్ధతి చేరగలిగితే ఎక్కువ మేలు జరిగేది అడవి జిల్లాలకే. అయితే ఇది ఇంకా ప్రయోగశాల దశలోనే ఉంది, రోగుల వైద్యంలో వాడుకలోకి రాలేదు. అందాకా మొదటి కాపలా దాత నోటి మాటే. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు. మలేరియా వచ్చినవారు పూర్తిగా కోలుకున్నాక మూడు నెలలు ఆగాలి. శిబిరంలో ఇచ్చే ప్రశ్నపత్రంలో ఇటీవలి జ్వరం, కామెర్లు, పచ్చబొట్టు గురించి అడిగిన ప్రతి ప్రశ్నకూ దాచకుండా జవాబు రాయండి.